అమ్మమ్మ పీచు కదిపినవాడు

"మా అమ్మమ్మ పీచు ఎక్కడ పెట్టారు?"

తలుపు తీస్తూనే డెంటిస్టు అమ్మాయి అడిగిన మొదటి ప్రశ్న అది. గుమ్మంలో నిలబడ్డ కిచెన్ కుర్రాడు గతుక్కుమన్నాడు. "వెంటనే రండి" అని ఫోన్ వస్తే, నిన్న తను కొత్త అరలు బిగించిన వంటింటిని మెచ్చుకోవడానికే అనుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చాడు పాపం. అసలు ఆ వంటిల్లు కొలవడానికి ఒక్కసారి వస్తే సరిపోయేది. ప్రతిసారీ ఏదో ఒక అంగుళం మరిచిపోయి మళ్ళీ వచ్చేవాడు. ఎందుకు మరిచిపోయేవాడో వేరే చెప్పాలా?

"సింకు కింద అల్మరా ఉంది కదండీ, దాని తలుపు లోపల బుట్ట బిగించాను. పీచు, సబ్బు, బ్రష్షు, తుడిచే గుడ్డ అన్నీ అందులోనే. గట్టు మీద ఒక్క వస్తువు కనపడితే ఒట్టు!"

"అదే కదా మీరు చేసిన ఘనకార్యం! అమ్మమ్మకి చూపు ఆనదని తెలుసా మీకు?"

తెలీదు. కొలతలకి వచ్చినప్పుడల్లా అతని చూపు ఎటుండేదో అందరికీ తెలిసిందే.

"ఈ ఇంట్లో గిన్నెలు తోమేది ఆవిడే. వద్దన్నా వినదు. పొద్దున పీచు కోసం గట్టంతా తడిమి, గాజు గ్లాసు పడేసింది. అప్పట్నుంచీ కుర్చీలోంచి లేవట్లేదు. నాకింక ఈ ఇంట్లో పనేముంది అంటోంది." ఆమె లోపలి కుర్చీ వైపు చూపించింది. "సాయంత్రంలోగా ఆవిడ మళ్ళీ సింకు దగ్గరికి రాలేదో, మీ అరలన్నీ పీకేస్తా. పీకడం నాకు రోజూ ఉండే పనే!"

కిచెన్ కుర్రాడు గబగబా లోపలికొచ్చాడు. అరలు పోతే పోయాయి, మళ్ళీ ఈ గుమ్మం తొక్కే మొహం ఉండదే! దానికి తోడు, కుర్చీలో ముడుచుకు కూర్చున్న ఆ పెద్దావిణ్ణి చూస్తే నిజంగానే సిగ్గేసింది. వెళ్ళి ఆవిడ ముందు చతికిలబడ్డాడు.

"తప్పయిపోయింది బామ్మగారూ. ఒక్కసారి గిన్నె తోముతున్నట్టు నిలబడండి. మీ చెయ్యి ఎక్కడికి వెళ్తుందో చూస్తాను."

"చూసి?"

"పీచుని అక్కడికే రప్పిస్తాను."

ఆవిడ గొణుక్కుంటూనే లేచింది. కుళాయి తిప్పి, ఎడమచేత్తో గిన్నె పట్టుకుంది. కుడిచెయ్యి తిన్నగా సింకు ముందంచు కిందికి వెళ్ళి ఆగింది.

"ఇన్నేళ్ళూ నా పీచు డబ్బా ఇక్కడే వేలాడేది," అంది.

ఇప్పుడక్కడ ఉన్నది ఉత్తుత్తి సొరుగు. పైకి పిడి ఉంటుంది, వెనక అంతా ఖాళీ. అందం కోసం తనే బిగించాడు. నెత్తి కొట్టుకుని పని మొదలుపెట్టాడు. ఆ పలక ఊడదీసి, అడుగున మడత బందులు వేసి, వెనక చిన్న స్టీలు తొట్టి తగిలించాడు. పిడి లాగితే పలక ముందుకి వాలుతుంది. మూసేస్తే ఏమీ కనపడదు.

పెద్దావిడ మళ్ళీ కుళాయి తిప్పి, పిడి లాగింది. చేతిలోకి పీచు వచ్చింది. మొహం వెలిగిపోయింది.

"దాచుకోరా ఎంత దాచుకుంటావో! నాకెలాగూ ఏదీ కనపడదు. చేతికి తగిలితే చాలు."

"ఉండు అమ్మమ్మా, నేను పరీక్ష చెయ్యాలి," అంటూ డెంటిస్టు తువ్వాలుతో కళ్ళకి గంతలు కట్టుకుంది. చెయ్యి చాపింది. తొట్టి తుడుస్తున్న అతని చెయ్యి దొరికింది.

"ఈ పీచు మరీ గరుగ్గా ఉందే!"

"అది నా చెయ్యండీ."

"తెలుసు."

అతను రెండో చేతిలోని గుడ్డ పక్కన పడేశాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడు?

"వంటిల్లు మొదటిరోజే కొలిచేశానండీ. మిగతా రోజులన్నీ మీకోసమే వచ్చాను."

"ఈ ఒక్క మాటకి అంత టేపు లాగాలా?"

"ముందు ఆ కుళాయి కట్టండర్రా!" అంది పెద్దావిడ. "పెళ్ళయ్యాక ఈ వంటిల్లు మీ ఇష్టమొచ్చినట్టు మార్చుకోండి. నా పీచుని మాత్రం కదిపావో, చూడు అబ్బాయ్!"

"ఛ, కదపను అమ్మమ్మా!"

డెంటిస్టు గంతలు పైకి తోసి అతన్ని ఎగాదిగా చూసింది.

"బామ్మగారు కాస్తా అప్పుడే అమ్మమ్మ అయిపోయిందా?" అంది నవ్వాపుకుంటూ. చెయ్యి మాత్రం వదల్లేదు.