పదిహేడో నంబరు బిళ్ళ

మా ఆయనకి యాభై నాలుగేళ్ళు. రైలు బొమ్మలతో ఆడుకుంటాడు.

ఆ మాట నలుగురిలో అంటే ఆయనకి ఎక్కడలేని రోషం వస్తుంది. "బొమ్మలు కావు, నమూనాలు" అంటాడు. సరే, నమూనాలే. జుట్టు నెరిసిన వయసులో వెనక గది నిండా బల్ల పరిచి, దాని చుట్టూ వేలెడంత రైలుని తిప్పుకుంటూ నోటితో కూత కూసే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. వంటింట్లో కుళాయి ఆరు నెలలుగా కారుతోంది, పట్టదు. ఆ రైలుకి సూదిమొనంత చక్రం వంకరపోతే మాత్రం ఆ పూట అన్నం సహించదు.

ఈయనకి తోడు ఒక సంఘం. పళ్ళ డాక్టరు, రిటైరైన లెక్కల మాస్టారు, ఇంకో ఇద్దరు పనిలేనివాళ్ళు. ఏటా ఒక ప్రదర్శన పెట్టి ఒకరి వీపు ఒకరు తట్టుకుంటారు. ఈసారి పట్టాలు ఓడల కార్ఖానాలోకి వెళ్ళాలట. ఇనుప రేకులు మోసుకొచ్చే గూడ్సు, అగ్గిపుల్లలంత క్రేన్లు, గట్టు మీద సగం కట్టిన ఓడ.

"సగంలో వదిలెయ్యడం మీకు అలవాటేగా, అది బాగా కుదురుతుంది" అన్నాను.

నోట్లో నాలుక లేని మనిషి. కళ్ళద్దాలు సర్దుకుని మళ్ళీ జిగురు సీసా అందుకున్నాడు.

షిప్‌యార్డు ఎందుకు గుర్తొచ్చిందో నాకు తెలుసు. మా అమ్మ పెట్టెలో ఒక ఫోటో దొరికింది. అందులో మా నాన్న ఉన్నాడు.

మా నాన్న షిప్‌యార్డులో పెయింటరు. ఓడ అడుగున ట్యాంకులుంటాయి, చిన్న కంతలోంచి పాక్కుంటూ దూరాలి. వాటి లోపల రంగు వేసేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకరోజు పనికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఎవరితోనో లేచిపోయాడన్నారు బంధువులు. మా అమ్మది మాత్రం చచ్చేదాకా ఒకటే మాట, "ఆయన అలాంటి మనిషి కాదు." నేను బంధువుల మాటే నమ్మాను. పెళ్ళాన్నీ పిల్లనీ నడిరోడ్డున పడేసి ఉడాయించినవాణ్ణి నలభై ఏళ్ళుగా తిడుతూనే ఉన్నాను. తిట్టడంలో ఒక సుఖముంది లెండి, ఏడవక్కర్లేదు.

ఫోటోలో నాన్న పక్కన ఒక చెక్క బోర్డు, దానికి వరసగా కొక్కేలు. ఇదేమిటని మా ఆయన అడిగాడు.

"అన్నీ తెలిసిన మీకు ఇది తెలీదా? ట్యాంకులోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళ అక్కడ తగిలించి దిగుతాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. బిళ్ళ వేలాడుతోందంటే మనిషి లోపల ఉన్నట్టు. మూత బిగించే ముందు మేస్త్రీ బోర్డు చూసుకోవాలి."

"మరి మీ నాన్నగారి బిళ్ళ?"

"పదిహేడు. అప్పజెప్పేసి పోయాడట. మా అమ్మ వెళ్ళి అడిగితే షిప్‌యార్డు వాళ్ళు సొరుగులోంచి తీసి చూపించి, మళ్ళీ సొరుగులోనే పడేశారు. ఆ ఓడ మర్నాడే నీళ్ళలోకి దిగింది."

మా ఆయన నా వంక అదోలా చూశాడు. ఈయన జాలి కూడా నాకు కావాలా అని ఒళ్ళు మండింది.

దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయంటారు. మా ఇంటికి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. సాయంత్రం అయిదుకి సంఘం వాళ్ళు వ్యాను తెచ్చి నమూనాని పట్టుకెళ్ళాలి. చిన్న దీపాల వెలుగు సరిచూసుకోవాలని ఆయన కిటికీకి నల్ల కాగితం అంటించాడు. పట్టపగలు ఆ గది నూతిలా ఉంది. జిగురు వాసన. చేతి పొడవున్న ఓడకి అప్పుడే పైకప్పు అంటించి, బట్టల క్లిప్పులు బిగించాడు.

టీ కప్పు పెడుతూ ఓడ పక్కన గోరంత బోర్డు చూశాను. ఒక కొక్కేనికి నువ్వుగింజంత బిళ్ళ వేలాడుతోంది.

"ఒక్కటే పెట్టారేం? మిగతావి ప్రదర్శన అయ్యాక పెడతారా?"

"నేనింకా బిళ్ళలు చెయ్యలేదే" అన్నాడు.

భూతద్దం పెట్టి చూశాడు. చూసి, ఆ అద్దం నా చేతికిచ్చాడు. పదిహేడు.

"నన్ను ఏడిపించడానికి మీరే పెట్టారు" అన్నాను. మాటలోని కోపం సగంలోనే చల్లారింది.

టక్ టక్... టక్.

ఓడలోంచి.

రెండు, కాస్త ఆగి, ఒకటి. మా నాన్న పనినుంచి వచ్చి తలుపు అలాగే కొట్టేవాడు. పరిగెత్తుకెళ్ళి గడియ తీసేది నేనే. ఈ సంగతి నేను ఎవ్వరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా.

ఆయన ఓడకి చెవి ఆనించాడు. "లోపల ఎవరో ఉన్నారే..." అని గుసగుసగా అన్నాడు. "కప్పు ఊడదీసేస్తాను."

"ప్రదర్శనో?"

"పోతే పోనీ."

ఆరు నెలలు తిండి మానేసి కట్టినదాన్ని పోతే పోనీ అంటున్నాడు. నాకు ఆ చప్పుడు కంటే ఈ మాటకే ఎక్కువ భయం వేసింది. భయం వేస్తే నాకు నోరు లేస్తుంది.

"ఎవరికి తీస్తారండీ తలుపు? మమ్మల్ని వదిలేసి పోయినవాడికా? కొట్టనీండి. చేతులు నొప్పిపుట్టేదాకా కొట్టనీండి!"

"పోలేదేమోనే..." ఆయన చెవి ఓడకే ఆనించి అన్నాడు. "చూసుకోకుండా మూత బిగించేశారేమో. తప్పు బయటపడుతుందని బిళ్ళ తీసి దాచేశారేమో..."

"నోరు ముయ్యండి!"

విసురుగా వంటింట్లోకి వచ్చేశాను. ఆ గదిలోంచి ఎటు వెళ్ళాలన్నా వంటింట్లోంచే దారి. కుళాయి పూర్తిగా తిప్పి గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. నీళ్ళ హోరు. అయినా వినిపిస్తూనే ఉంది.

టక్ టక్... టక్.

కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. చప్పుడు నెమ్మదించింది. టక్... టక్... మూడోది ఎంతకీ రాలేదు. వచ్చేసరికి గోరు గీరినట్టుంది.

తర్వాత అదీ లేదు.

కుళాయి కట్టేశాను. "ఏమండీ..."

పలకలేదు.

గదిలో ఆయన లేడు. కళ్ళద్దాలు మడిచి బల్ల మీద ఉన్నాయి. చెప్పులు పీట కింద జతగా ఉన్నాయి. టీ మీద మీగడ కట్టింది. ఓడ కప్పు అంటించినది అంటించినట్టే ఉంది, క్లిప్పులు కదల్లేదు. నన్ను దాటకుండా ఎవరూ బయటికి పోలేరు.

బోర్డు చూశాను. పదిహేడు లేదు.

దాని పక్క కొక్కేనికి ఇంకో బిళ్ళ. కొత్తది, రాగి రేకు ముక్క. భూతద్దంలో మా ఆయన కోడిగీత రాత. యాభై నాలుగు. ఆయన వయసు. నేను నేర్పినట్టే తగిలించి దిగాడు.

అప్పుడు మొదలైంది... లోపల్నుంచి. మా ఆయనకి తలుపు కొట్టడం కూడా చేతకాదు. ఎవరికి ఇబ్బందో అన్నట్టు గోటితో గీరుతాడు. గర్... గర్... గర్...

"తీస్తున్నానండీ! తీస్తున్నా!"

స్క్రూడ్రైవర్‌తో కప్పు పగలగొట్టాను. చెయ్యి తెగింది. పచ్చి పెయింటు వాసన గుప్పుమని ముఖాన కొట్టింది.

ఖాళీ.

లోపలి గోడలకి ఆయన రంగు వెయ్యలేదు, ఎవరు చూస్తారని. ఇప్పుడు అంతా ఎర్రగా, తడిగా ఉంది. ఆ తడిలో చేతి గుర్తులు, ఆవగింజలో సగం కూడా లేవు. రెండు జతల చేతులు.

అయిదుకి సంఘం వాళ్ళు వచ్చారు. ముక్కలైన ఓడనీ, రక్తం కారుతున్న నా చేతినీ చూసి ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఓడ నేనే పగలగొట్టానని, ఆ బాధతో ఆయన ఇల్లు వదిలి వెళ్ళాడని ఊరంతా చెప్పారు. అంతమంది బుర్రలు కలిపితే తేలింది అదీ.

మూడోనాడు మా ఆడపడుచు వచ్చి గుమ్మంలోనే అందుకుంది. "నీ నోటికి భయపడి పారిపోయాడు మా తమ్ముడు. మీ నాన్న లాగే!"

"ఆయన అలాంటి మనిషి కాదు" అన్నాను.

గొంతు మా అమ్మది. ఇద్దరిలో ఎవర్ని గురించి అన్నానో నాకే తెలీదు.

ఆ ఓడకి కప్పు మళ్ళీ వెయ్యలేదు, వెయ్యనివ్వను. రోజూ పొద్దున్నే బోర్డు చూస్తాను. యాభై నాలుగు వేలాడుతూనే ఉంది. రోజూ దాని పక్కన కూచుని, ఆయన్ని నేను ఎన్నెన్ని మాటలన్నానో ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటున్నాను. అవి అంత తొందరగా అయిపోయేవి కావు.

ఇవాళ పొద్దున పాలు తీసుకోవడానికి వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. రాత్రి నేను లోపల్నుంచి వేసిన గడియ వేసినట్టే ఉంది. తలుపు పక్కన తాళాలు తగిలించే మేకుకి ఇత్తడి బిళ్ళ వేలాడుతోంది. బొమ్మది కాదు, అరచేతిలో పట్టేంతది. దాని మీద ఎర్ర పెయింటు ఇంకా తడిగా ఉంది. పదిహేడు.

బయటికి పోయేవాడు బిళ్ళ తీసుకుపోతాడు. లోపలికి వచ్చేవాడే తగిలిస్తాడు.