అద్దంలోకి చూసినవాడు

అద్దం బల్ల మీద బోర్లా పడుకుని ఉంది. వెనకవైపు రంగు గీకేసి, లోపలి వెండి పూత మీదుగా డాక్టర్ వెంపటి సుధాంశు లేజర్ కిరణాన్ని మెల్లగా నడిపిస్తున్నాడు. పక్కన ఇద్దరు ఆడవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఒకరు ఎస్సై కర్రి హైమ. ఇంకొకరు గేదెల నీలవేణి, విశాఖపట్నంలో సిటీ బస్సు కండక్టరు. అద్దం ఒక బట్టల షాపు ట్రయల్ రూమ్‌లోది.

యంత్రం పేరు మిర్రర్ రీడర్, సుధాంశు సొంతంగా కనిపెట్టింది. సంగతి తేలికే. అద్దం మీద పడ్డ వెలుగంతా వెనక్కి పోతుందని మనం బళ్ళో చదువుకున్నాం. అంతా పోదట. పిసరంత వెండిలో చిక్కుకుని, తడి ఇసుకలో అడుగులాగా జాడ వదులుతుందట. నలభై రోజుల దాకా ఆ జాడ చెరగదు. ఆ జాడల్ని చదివి బొమ్మ కట్టడమే ఈ యంత్రం పని. ఇది 2041 నాటి మాట, నాతో పేచీ పెట్టుకోకండి.

నెల కిందట నీలవేణి ఆ గదిలో కొత్త చుడీదార్ వేసి చూసుకుంది. వారం తిరక్కుండా ఆ దృశ్యం డిపోలో ఫోన్ల మీద తిరిగింది. కొందరు అయ్యో అన్నారు, కొందరు నాలుగు రోజులు సెలవు పెట్టమన్నారు. ఆవిడ యూనిఫారం మీదే దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్ళింది. ఇది మా ఏరియా కాదన్న హెడ్డు గారితో, ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని చెప్పి, కట్టేదాకా కుర్చీలోంచి లేవలేదు. పట్టుబట్టి నెట్‌లోంచి వీడియో తీయించింది కూడా. ఇక తేలాల్సింది ఒకటే, కెమెరా పెట్టిందెవరు? ఎవరో కస్టమర్ పని అయ్యుంటుందని షాపు మేనేజరు చేతులు దులిపేసుకున్నాడు. ఈ అద్దం కూడా నోరు విప్పకపోతే కేసు మూసేస్తారు.

"పంచనామా రాయాలమ్మా. తెర మీద బొమ్మ పడేటప్పుడు ఇద్దరు పంచులు కళ్ళారా చూసి సంతకం పెట్టాలి. బయట కూర్చోబెట్టాను," అంది హైమ.

"అంటే నన్ను ఇంకో ఇద్దరు చూడాలేటి మేడమ్?"

నీలవేణి అద్దం వైపు తిరిగింది.

"కెమెరా తగిలించినోడు కూడా దీని ముందు నిలబడే తగిలించుంటాడు కదా. నేనున్న టైము తెరవొద్దు. ఏ ఆడమనిషి ఉన్న టైమూ తెరవొద్దు. షాపు తియ్యకముందు పొద్దున్నవే చూడండి."

అంత చదువుకున్న సుధాంశుకి ఈ ముక్క తట్టలేదు. పంచుల్ని పిలిచారు. ఒక్కో ఉదయం వెనక్కి తిప్పుతూ పోతే, ముప్పై అయిదో రోజు దగ్గర ఖాళీ గదిలో ఒక మనిషి స్టూలెక్కి, బుల్లి కెమెరా దాచిన బట్టల కొక్కెం బిగిస్తూ కనిపించాడు. పని కాగానే అద్దంలో చూసుకుని మీసం సర్దుకున్నాడు. మేనేజరే. నీలవేణికి ఏడుపొచ్చింది, ఏడ్చింది. తర్వాత ముఖం తుడుచుకుని, "రాసుకోండి," అంది.

పంచులు సంతకాలు పెట్టి వెళ్ళారు. ఇక యంత్రం నడిపిన సుధాంశు సంతకం పెట్టాల్సిన సర్టిఫికెట్ మిగిలింది. అది లేనిదే కోర్టు ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ముట్టుకోదు. యంత్రం ఈ అద్దాన్ని ఎప్పుడెప్పుడు చదివిందో లాగ్ చూసి టైపు చేస్తున్న హైమ ఆగిపోయింది.

"డాక్టర్ గారూ, నిన్న సాయంత్రం కూడా ఒకసారి నడిపినట్టుందే?"

"అది టెస్ట్ రన్. యంత్రం సరిగ్గా చదువుతోందో లేదో తెలియాలి కదా. వీడియోతో పోల్చి చూశాను."

"ఏ టైము పెట్టి చూశారు?" నీలవేణి అడిగింది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరున్న టైమే. మీ మేలు కోసమేనమ్మా."

"నన్నడిగారేటి?"

"అడిగితే మీరు కాదనేవారా?"

"అననేమో. అడగలేదు కదా సార్. ఆ మేనేజరూ అడగలేదు." ఆవిడ హైమ వైపు తిరిగింది. "మేడమ్, నా ఎఫ్ఐఆర్‌లో రాసిన సెక్షన్ ఇంకోసారి చదవండి."

హైమ చదివింది. వీడియో తీసినవాడొక్కడే కాదు, ఏకాంతంలో బట్టలు మార్చుకునే స్త్రీని ఆమెకు తెలియకుండా చూసినవాడు కూడా నేరస్తుడే.

"రెండో పేరు కూడా రాయండి," అంది నీలవేణి.

"మీకు సాయం చేసిన నా మీదా?" అన్నాడు సుధాంశు. ఆయన చెడ్డవాడు కాదు. అదే చిక్కు.

"చేశారు. దండం పెడతాను. కంప్లైంటూ పెడతాను."

సుధాంశు ఆ సర్టిఫికెట్ తన వైపు తిప్పుకున్నాడు. "ఆ టెస్ట్ రన్ లైను తీసేస్తే?"

"మేనేజరు లాయరు లాగ్ తెప్పిస్తాడు. దొంగ సర్టిఫికెట్ అంటాడు. వాడు బయటికొచ్చేస్తాడు," అంది హైమ. "పోనీ ఇంకెవరి చేతైనా సంతకం పెట్టిద్దామంటే, ఈ యంత్రం గురించి చెప్పగలిగిన నిపుణులు దేశంలో మీరొక్కరే."

ఆయన పెన్ను తీసుకున్నాడు. ఇవాళ్టి రన్, నిన్నటి టెస్ట్ రన్, రెండు లైన్ల కిందా సంతకం చేసి, పద్ధతి ప్రకారం స్వదస్తూరీతో ఒక వాక్యం రాశాడు: 'యంత్రం రెండుసార్లూ నిర్దుష్టంగా పనిచేసిందని ధ్రువీకరిస్తున్నాను.' ఆ వాక్యం రాయడానికి ఆయన పదిహేనేళ్ళు కష్టపడ్డాడు.