ఏడో గాలిమర పలుకుతోంది

"ఇంగా బిరీన పోనియ్యన్నా!"

జీపు గుంతలో పడి లేచింది. షబీనా తల పైకప్పుకి తగిలింది. చేతిలో ఫోన్ మాత్రం వదల్లేదు.

స్క్రీన్ మీద వరసగా ఆకుపచ్చ చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో గాలిమర కిందున్న కంప్యూటర్. ఉరవకొండ ఆఫీసులో కూర్చుని షబీనాయే రాసిన చిన్న స్క్రిప్ట్ అది. నిమిషానికోసారి ప్రతి కంప్యూటర్‌నీ 'ఉన్నావా?' అని పిలుస్తుంది. పలికితే పచ్చ. పలకకపోతే ఎరుపు.

అన్నీ పచ్చగానే ఉన్నాయి.

అదే ఆమె భయం!

ఏడో గాలిమర దగ్గర వాచ్‌మన్ ఆమె నాయన, ఖాజా హుస్సేన్. విడపనకల్లు దాటాక గుట్ట కింద... అక్కడ ఆయన సిమ్‌కి సిగ్నల్ రాదు. అందుకే రంజాన్ మొదలైన రోజు ఇద్దరూ ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఒక్కపొద్దు విడిచి ఖర్జూరం నోట్లో వేసుకోగానే ఆయన కంప్యూటర్ వెనక నెట్ కేబుల్ పీకి, కాసేపాగి మళ్ళీ పెడతాడు. చుక్క ఎర్రబడి పచ్చబడుతుంది. నాయన తిన్నాడని అర్థం. ఆ తర్వాతే షబీనా నీళ్ళు తాగుతుంది.

కేబుల్ ముట్టుకుంటే ఉద్యోగం ఊడుతుంది. అందుకే మూడో మనిషికి తెలీదు.

ఈరోజు అజాన్ అయిపోయింది. చీకటి పడింది.

చుక్క ఎర్రబడలేదు...

పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేస్తే, కంప్యూటర్ పనిచేస్తోందా అని అడిగారు. చేస్తోందంటే, మరింకేం, పొద్దున రమ్మన్నారు. స్క్రిప్ట్ పలకరించేది కంప్యూటర్‌ని. పక్కనున్న మనిషిని కాదు కదా! ఆ మాట ఎవరితో చెప్పుకోవాలి?

చివరికి సూపర్‌వైజర్ ఓబిలేష్ ఒక్కడే జీపు తీశాడు. అతనికీ ఒకటే ముక్క చెప్పింది. నాయన మీద దిగులుగా ఉంది, చూసి రావాలని.

గాలిమరల కింద రాగి కేబుళ్ళు మాయమవుతున్నాయి. నిన్న నాయన దొంగల బండి చూశాడు. పొద్దున ఇంటికొచ్చి 'కంచే చేను మేస్తాండాది పాపా' అన్నాడు. పేరు మాత్రం చెప్పలేదు.

"గోరంతది కొండంత చేస్తాండావు షబీనా. అన్నీ పచ్చగానే ఉండాయి గదా?" అన్నాడు ఓబిలేష్.

"ఒక్కసారి చూసొచ్చేద్దామన్నా. నీకు దండం పెడతా."

అతను నిట్టూర్చి జీపు ఆపాడు. ఇంట్లో చెప్పొస్తానని దిగాడు. బీడుపడ్డ వేరుశనగ చేను గట్టు మీద నిలబడి ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. గాలికి ముక్కలు ముక్కలుగా వినబడుతోంది.

"...ఆ, ఒకసారి చాలు..."

వచ్చి స్టీరింగ్ పట్టుకున్నాడు. జీపు కదిలింది.

ఎరుపు!

షబీనా ఫోన్‌ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుంది. ఏడో చుక్క... ఎర్రగా!

చూస్తోంది. చూస్తోంది...

పచ్చ!

యా అల్లా! తిన్నాడు. కాస్త ఆలస్యంగా తిన్నాడు, అంతే. ఫోన్‌ని గుండెకి అదుముకుంది. ఒళ్ళోని బాటిల్ మూత తీసి గటగటా తాగింది. ఊరికే అందరినీ తిప్పలు పెట్టానే అనుకుంది. నవ్వు కూడా వచ్చింది.

ఓబిలేష్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అన్నాడు.

"మీ నాయన ఒక్కపొద్దు విడిచినాడు లే. ఇంగ ఇంటికి పోదామా?"

బాటిల్‌కి మూత పెట్టబోతున్న షబీనా ఆగిపోయింది.

అతను స్క్రీన్ చూడలేదు. కేబుల్ సంగతి తను చెప్పలేదు. నాయన చెప్పే మనిషి కాదు...

కొట్టి చెప్పిస్తే తప్ప!

"నీకెట్ల తెలుసన్నా?"

అడగకూడదు. నోరు జారింది.

ఓబిలేష్ గేరు మార్చాడు. దూరంగా విడపనకల్లు దీపాలు. జీపు అటు పోలేదు. మట్టిదారిలోకి దిగింది. షబీనా తలుపు హ్యాండిల్ లాగింది. గట్టిగా లాగింది. రాలేదు. ఎప్పుడో లాక్ వేసేశాడు.

"ఇంటికి పోదామా అని అడిగితి గదా షబీనా," అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు.

ఆమె చేతిలో స్క్రీన్ వెలుగుతోంది.

ఏడో గాలిమర పచ్చగానే ఉంది.