డ్రమ్ములో చిక్కటి నూనె

"ఊపిరితిత్తులు కడిగిన నీళ్లలో నూనె తేలిందయ్యా," అన్నాడు చీఫ్ హాల్వర్సన్.

మిల్వాకీ ఫెడరల్ పోలీసు ఆఫీసులో ఏజెంట్ కుబియాక్ ఎక్స్‌రేలు చూశాడు. అందరూ వేప్ అనే ఎలక్ట్రానిక్ సిగరెట్ పీల్చిన కుర్రాళ్లే. ఇద్దరు అప్పటికే పోయారు. రుచికి కలిపిన రసాయనమా, వేడెక్కిన తీగ నుంచి రాలిన లోహమా, గంజాయి నూనె చిక్కబడాలని పోసిన ఇంకేదైనానా? డాక్టర్లకు అంతుపట్టడం లేదు. వేప్ గొట్టాల్లో కల్తీ సరుకు నింపే విదేశీ ముఠా గోడౌన్ పక్క ఊరు కెనోషాలో ఉంది. వాళ్ల డ్రమ్ములోంచి నమూనా కావాలి. లోపల మన మనిషి ఒకరున్నారని, "సరస్సు ఇంకా గడ్డకట్టలేదు" అంటే నమ్మమని చీఫ్ చెప్పాడు.

మర్నాడు కుబియాక్ గడ్డం అంటించుకుని, షికాగో వ్యాపారిలా గోడౌన్‌లోకి నడిచాడు. ముఠా నాయకుడు లాజర్ ఏ దేశంవాడో అతని పాస్‌పోర్టులకే తెలియదు. పక్కనే ఆకుపచ్చ కోటులో వెరోనిక్, చూపు తిప్పుకోలేనంత అందగత్తె. బయట లారీ ఇంజిన్ ఆన్‌లో ఉంది.

సరుకు చూసే నెపంతో డ్రమ్ము మీదికి వంగి, బోలు పెన్నుతో కాస్త నూనె లాగేశాడు కుబియాక్.

"కొనేవాడివి రుచి చూడవా?" లాజర్ వేప్ అందించాడు. రెండో చెయ్యి పిస్తోలు మీదే ఉంది.

కుబియాక్ దాన్ని అందుకున్నాడు. పీలిస్తే ఊపిరి పోతుంది, మానేస్తే తల పోతుంది.

వెరోనిక్ దాన్ని లాక్కుంది. "పట్టుకోవడమే రాదు, వ్యాపారమట," అంటూ అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చింది. "పీల్చు నాయనా. సరస్సు ఇంకా గడ్డకట్టలేదు, ఎందుకా వణుకు?"

ఆమె అందులోని నూనె గొట్టం మార్చిందో లేదో అతనికి కనిపించలేదు. అయినా పీల్చాడు. పుదీనా వాసన. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. గడ్డం ఒక పక్క ఊడి వేలాడింది.

లాజర్ పిస్తోలు ఎత్తాడు. వెరోనిక్ డ్రమ్ము కుళాయిని ఒక్క తన్ను తన్నింది. చిక్కటి నూనె బుడబుడా కారి నేలంతా పరుచుకుంది. లాజర్ కాలు జారింది, పేలిన గుండు పైకప్పుకు తగిలింది. కుబియాక్ అతని మీద పడ్డాడు. గేటు దాటబోతున్న లారీకి, బయట కాపు కాసిన ఫెడరల్ పోలీసు కార్లు అడ్డం వచ్చాయి.

ల్యాబు వాళ్లు సాయంత్రానికల్లా తేల్చారు. విటమిన్-ఇ ఎసిటేట్. ముఖం క్రీముల్లో ఉండేదే. చర్మానికి ఏమీ చేయదు, వేడిచేసి పీలిస్తేనే చేటు. మిగతా రసాయనాల మీద అనుమానం మాత్రం ఇంకా తీరలేదన్నారు.

కుబియాక్ వెరోనిక్‌కు కృతజ్ఞతలు చెప్పి, గొట్టం ఎప్పుడు మార్చిందని అడిగాడు.

"మార్చాననే అనుకుంటున్నాను," అందామె.

కుబియాక్ తన కారు అక్కడే వదిలేసి అంబులెన్సు ఎక్కాడు.