ఆపరేషన్ సర్వజ్ఞుడు

"ఈసారి ఎవర్నీ చంపక్కర్లేదు," అన్నాడు చీఫ్. "కాలేజీలో చేరితే చాలు."

ఏజెంట్ తల ఊపింది. చంపమన్నా అలాగే ఊపేది. కిందటి మిషన్‌లో పార్ట్‌నర్ పోయినప్పటి నుంచి ఆమె మనసు మొద్దుబారిపోయింది. ఆకలి కూడా గడియారం చూసి తెచ్చుకోవలసి వస్తోంది.

"రోబోటిక్స్ ఫైనల్స్‌కి రక్షణ శాఖ సైంటిస్ట్ చీఫ్ గెస్ట్. విదేశీ ముఠా ఆయన్ని అక్కడే లేపేయాలని చూస్తోంది. ఆయనకి మెమెంటో ఇచ్చే రోబో ఉన్న టీమ్‌లో నువ్వు స్టూడెంట్‌వి. లోపలి సమాచారం స్పాన్సర్ మేడమ్ ఇస్తుంది. ముఠాలో ఉంటూ మనకి పనిచేస్తోంది."

"ఆవిడని నమ్మొచ్చా సర్?"

"చూసినవాళ్ళందరూ నమ్మేస్తారు. అదే నా భయం."

టీమ్‌లో అసలు గండం వేరే ఉంది. ఒక కుర్రాడు. అతణ్ని అందరూ సర్వజ్ఞుడు అనేవారు. స్క్రూ గురించి అడిగితే దాని పుట్టుపూర్వోత్తరాల నుంచి ఎత్తుకునేవాడు. ఆమెకు 'మూగనోము' అని పేరు పెట్టిందీ అతనే. వద్దంటే వినడు, ఆగమంటే ఇంకా రెచ్చిపోతాడు. ఎవరైనా తప్పు చెబితే మాత్రం చేతిలో పని వదిలేసి దిద్దడానికి వచ్చేస్తాడు. అతని చేతిలోంచి సోల్డరింగ్ ఐరన్ తీసుకోవాలంటే ఆమె కావాలని ఏదో ఒక తప్పు చెప్పేది.

ఫైనల్స్ రోజు వచ్చింది. సర్వజ్ఞుడు రిమోట్ పట్టుకుని రోబో పక్కనే నడుస్తున్నాడు. రోబో మెమెంటోతో సైంటిస్ట్ ముందుకు వెళ్ళి ఆగింది. అప్పుడు ఆమె ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు గరగరలాడింది.

"మేడమ్ మనల్ని మోసం చేసింది. రోబోకి ఆవిడిచ్చిన కొత్త చేతిలో బాంబుంది. మెమెంటో వదలగానే పేలుతుంది. బాంబుకి కరెంటు రోబో బ్యాటరీ నుంచే. కానీ నువ్వు రోబో మీద చెయ్యి వేశావో, ఆవిడ బ్యాగులో ఇంకో స్విచ్ ఉంది, నొక్కేస్తుంది."

మేడమ్ చివరి వరుసలో, తలుపు పక్కన నవ్వుతూ కూర్చుంది. ఏజెంట్‌కు భయం వేయలేదు. వేయాలని తెలుసు, అంతే. సర్వజ్ఞుడి బొటనవేలు మెమెంటో వదిలే బటన్ మీదకు వెళ్ళింది. పేలితే ముందు పోయేది అతనే.

ఆమె మైకు అందుకుంది. "ఈ రోబో టార్చిలైటు సెల్స్‌తో నడుస్తుందండీ."

బొటనవేలు గాల్లోనే ఆగింది. "ఏమన్నావ్?"

"టార్చిలైటు సెల్స్."

"బుద్ధుందా? అది లిథియం బ్యాటరీ!"

"నాకలా కనిపించలేదు మరి."

"కనిపించలేదా?" రిమోట్ కింద పెట్టి, రోబో వీపు మూత తీసి, బ్యాటరీ పీకి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. "చదువు! పైకి చదువు!"

హాలంతా గొల్లున నవ్వింది. మేడమ్‌కు అప్పుడు వెలిగింది. బ్యాగులో చెయ్యి పెట్టి స్విచ్ నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కేలోపు మఫ్టీలో ఉన్న చీఫ్ మనుషులు ఆ చెయ్యి పట్టుకున్నారు.

సర్వజ్ఞుడు ఇవేవీ చూడలేదు. "అసలు లిథియం అంటే ఏంటో ముందు తెలుసుకో," అని మొదలుపెట్టాడు.

ఆమె స్టేజీ మెట్ల మీద కూలబడింది. భయం ఇప్పుడు తీరిగ్గా వచ్చింది, దాని వెనకే కన్నీళ్ళూ వచ్చాయి.

"ఏడవకు," అన్నాడతను పక్కన కూర్చుంటూ. "తెలియకపోవడం తప్పేం కాదు. చెప్తాను, విను."

"కుర్రాడెలా ఉన్నాడు?" ఇయర్‌పీస్‌లో చీఫ్ కంగారుగా అడిగాడు.

"నిక్షేపంలా ఉన్నాడు సర్," అంది కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడే అయాన్ల దగ్గరికి వచ్చాడు."