పెనుకొండలో తెల్లచీర డెలివరీ

2003 ఆగస్టు 4, సోమవారం. ఉదయం ఆరూ నలభైకి ధర్మవరం జంక్షన్ రెండో ప్లాట్‌ఫారం మీద హయాత్ బాషా అనే ఉర్దూ స్కూలు టీచర్‌ని ఎవరో వెనకనుంచి కాల్చి చంపారు. తూటా ఒకటే. సైలెన్సర్ వాడారు. టీ కొట్టు మనిషి అతను కళ్ళు తిరిగి పడ్డాడనుకుని చెంబుతో నీళ్ళు తెచ్చాడు.

మరునాడు పేపర్లు పాత కక్షలని రాశాయి. ఆ జిల్లాలో ఎవరు హత్యకు గురైనా అలా రాస్తే చాలాసార్లు తప్పు పోదు. ఈసారి పోయింది. హయాత్ బాషాకి కక్షలు లేవు. హిందూపురంలో కుర్రాళ్ళని పోగుచేసి, బయటి దేశాల క్యాసెట్లు వినిపించి, బాంబుల శిక్షణకు పంపుతున్న ముఠా ఒకటుంది. దాని గురించి అతను మసీదుల ముందు నిలబడి మాట్లాడాడు. ముఠాలో ఎవరెవరున్నారో చెప్పడానికి ఆ రోజు రైలు దిగాడు.

చెప్పాల్సింది దస్తగిరికి. ఆ సమయానికి దస్తగిరి ప్లాట్‌ఫారం మీదికి మెట్లు దిగి వస్తున్నాడు.

దస్తగిరి ఇంటెలిజెన్స్ ఏజెంట్. నాలుగు నెలలుగా ధర్మవరంలో పట్టుచీరల బ్రోకర్ వేషంలో ఉన్నాడు. పుట్టింది దూదేకుల ఇంట్లో. ఇంట్లో మాట్లాడేది తెలుగే. బొట్టు పెట్టుకుని మగ్గాల ఇళ్ళకు వెళ్ళినా, టోపీ పెట్టుకుని నమాజుకు వెళ్ళినా అతన్ని ఎవరూ తిరిగి చూడరు. డిపార్ట్‌మెంట్ అతన్ని ఎంచుకున్నది అందుకే. పూర్తిగా నమ్మనిదీ అందుకే. హయాత్ బాషాని ధైర్యంగా మాట్లాడమన్నది కూడా అతనే.

మంగళవారం మధ్యాహ్నం పెనుకొండ గెస్ట్‌హౌస్‌లో బ్రీఫింగ్ జరిగింది. డీఐజీ శివప్రసాద్ హైదరాబాద్ నుంచి వచ్చి టేప్ వినిపించాడు. దుబాయ్ నుంచి వచ్చిన ఫోన్ కాల్ అది. మాట్లాడిన వాడి కోడ్ పేరు మేనేజర్.

"తెల్లచీర ఒకే పీసు. గంధం మరునాడు పెనుకొండలో డెలివరీ. అందరి ముందూ విప్పాలి."

"ధర్మవరంలో తెల్లచీర ఎవడు ఆర్డరిస్తాడు సార్? పెళ్ళికి పనికిరాదు, పేరంటానికి పనికిరాదు" అన్నాడు దస్తగిరి.

తెల్లచీరంటే తెల్లబట్టల మనిషి. అది ఎవరో ఇద్దరికీ తెలుసు. ఖాదర్ వలీ, హిందూపురంలో ఒక మసీదుకు ఇమాం. వయసు డెబ్భై. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసులో రాత్రి గంధం ఊరేగాక, మరునాడు ఉదయం సభ పెట్టి, హయాత్ హత్య మీద మాట్లాడతానని ఆయన ప్రకటించాడు. ఆ సభకు తురకలెందరు వస్తారో హిందువులూ అంతమంది వస్తారు. అక్కడ ఆయన పడిపోతే, ఎవరు చంపారన్న మాట తేలేలోగా మూడు ఊళ్ళు తగలబడతాయి. మేనేజర్‌కి కావలసింది అది.

సభ ఆపమని దస్తగిరి అడిగాడు. శివప్రసాద్ ఒప్పుకోలేదు. ఈ ముస్లింలలో ఒక్కడైనా ఖండిస్తూ నోరు విప్పాడా అని ఢిల్లీ వాళ్ళు ప్రతి మీటింగులోనూ అడుగుతున్నారట.

"ఆయన మూడేళ్ళుగా విప్పుతూనే ఉన్నారు సార్. ఎక్కడ బాంబు పేలినా ఆ శుక్రవారం మాట్లాడతారు."

"పేపర్లో ఏదీ?"

పేపర్లో రాదు. కారణం దస్తగిరికి తెలుసు. ఖాదర్ వలీ ఫోటో దిగడు. మనిషి బొమ్మ తీయడం మతానికి ఒప్పదని ఆయన నమ్మకం. హిందూపురం, పెనుకొండ విలేకరులకు ఇది అలవాటైపోయింది. ఆయన మాట్లాడటానికి లేస్తే కెమెరాలు ఒళ్ళో పెట్టుకుంటారు. వార్త రాసి పంపుతారు. ఫోటో లేని వార్తని డెస్క్ పక్కన పడేస్తుంది.

"అయితే ఫోటో తీయించు" అన్నాడు శివప్రసాద్.

మూడో కుర్చీలో ఉన్న అమృత అప్పుడు చలువ కళ్ళద్దాలు తీసింది. బెంగుళూరులో ఆమెకి పట్టుచీరల బొటీక్ ఉంది. తెల్ల ఎస్టీమ్ కారులో ధర్మవరం వస్తే, కొనే చీరకన్నా కట్టుకున్న చీరనే నేతగాళ్ళు ఎక్కువసేపు చూస్తారు. ముఠా డబ్బు ఆమె ఖాతాల గుండా పోతుంది. ఆ సంగతి ఆరు నెలలుగా డిపార్ట్‌మెంట్‌కి చేరవేస్తున్నదీ ఆమే. డబుల్ ఏజెంట్.

చంపేవాడు ఫకీరు వేషంలో, ఆకుపచ్చ జుబ్బాలో వస్తాడని ఆమె చెప్పింది. ఫోటో మాట వచ్చింది కాబట్టి తనకు తెలిసిన ఇంగ్లీషు పత్రిక ఫోటోగ్రాఫర్‌ని పంపిస్తానంది. ఢిల్లీ వాళ్ళు తెలుగు చదవరు కదా అంది.

బుధవారం దస్తగిరి హిందూపురం వెళ్ళాడు. ముప్పు సంగతి పెద్దాయనకు చెప్పొద్దని శివప్రసాద్ ఆర్డర్. మసీదు వెనక గదిలో ఖాదర్ వలీ చాప మీద కూర్చుని వేరుశనక్కాయలు వలుస్తున్నాడు. దస్తగిరి ముందుకు ఒక దోసెడు జరిపాడు.

"ఏమప్పా, పోయిన్నెల్లో నాటుబాంబులేసుకుని ముగ్గురు సచ్చిరి. ఆ కులం పెద్దమనుషుల్ని ఎవురన్నా పిలిచి, ఖండించండి సామీ అని మైకు చేతికిచ్చినారా?"

"లేదు సాబ్."

"నాకెందుకిస్తాండారు మరి?"

పెద్దాయన కాయలు వలవడం ఆపలేదు.

"అడిగేటోళ్ళ కోసరం కాదులే నేను మాట్లాడేది. వాళ్ళు రేపు గూడా అడుగుతారు. హయాత్ నా కాడ అలిఫ్ దిద్దినోడు. వాన్ని సంపినోడు అల్లా పేరు తల్సుకోనే సంపింటాడు. ఆ పేరు నాది గూడా. నేను గమ్మునుంటే అది వానిదే అయిపోతాది."

ఆ మాట విన్నాక దస్తగిరి ఆర్డర్ పక్కన పెట్టాడు.

"సాబ్, ఆడ మిమ్మల్ని సంపేకి మనిషొస్తాండాడు."

"తెలిసే నన్ను పొమ్మంటాండావా?"

"అవును."

"హయాత్‌కి గూడా చెప్పింటివా?"

"చెప్పలేదు."

"సరే. నాకన్నా చెప్పినావు."

ఫోటో మాట ఎత్తితే పెద్దాయన ముందు తల అడ్డంగా ఊపాడు. హజ్ పాస్‌పోర్టు కోసం ఒకసారి దిగానని, దాన్ని చూసి ఇంట్లో ఆమె, పోలీసులు ఎతుకుతాండే మనిషి మాదిరి ఉండావని నవ్విందని చెప్పాడు. చివరికి ఒకటి తీసుకోమన్నాడు. అదీ ప్రసంగం ముగిసి, చివరి ప్రార్థన దువా చదివాక. దస్తగిరి ఈ సంగతి శివప్రసాద్‌కీ, అమృతకీ తప్ప ఎవరికీ చెప్పలేదు. స్థానిక విలేకరులకు దువా అయ్యాక చెబుదామనుకున్నాడు. ముందే తెలిస్తే తోపులాట అవుతుంది.

ఆగస్టు 12, మంగళవారం. రాత్రి గంధం చూసిన జనం ఇంకా పెనుకొండలోనే ఉన్నారు. చక్కెర, ఊదొత్తులు పట్టుకుని చదివింపులకు వరసలో నిలబడ్డారు. గేటు దగ్గర మఫ్టీ పోలీసులు ఆకుపచ్చ జుబ్బా కనిపిస్తే పక్కకు లాగారు. ఒక ముసలి ఫకీరు తస్బీ తెగి పూసలు మెట్ల మీద దొర్లాయి. చక్కెర పొట్లం పట్టుకున్న పుల్లమ్మ అనే ఆవిడ వంగి ఏరుతూ, బాబయ్య కాడ గూడా లాఠీలేనా అని పోలీసుల్ని తిట్టింది.

దస్తగిరి నీళ్ళు పోసే వాలంటీరు వేషంలో వేదిక పక్కన ఉన్నాడు. కాలర్ కింద మైక్ ఉంది. శివప్రసాద్ వ్యాన్ కొండకు అవతల, హైవే మీద ఉంది. మధ్యలో కొండ అడ్డమని ఎవరూ లెక్క వేయలేదు. చెవిలో గరగర తప్ప ఏమీ వినిపించలేదు.

ముందు వరసలో విలేకరులు కూర్చున్నారు. చివర అమృత పంపిన ఫోటోగ్రాఫర్. పాసు మీద ఆనంద్ అని పేరుంది. దస్తగిరి అతని బ్యాగ్ తనిఖీ చేశాడు. కెమెరా వెనక మూత తెరిచి చూశాడు. ఫిల్మ్ ఉంది. మూరెడు పొడుగు లెన్స్ మాత్రం విప్పి చూడలేదు.

ఖాదర్ వలీ లేచాడు. విలేకరులు చెప్పకుండానే కెమెరాలు ఒళ్ళోకి దించారు. ఆనంద్ పక్కనే కూర్చున్న హిందూపురం విలేకరి లోకేష్ తన లెన్స్‌కి మూత కూడా బిగించాడు.

ఒక్క కెమెరా పైకి లేచింది.

ఫోటో దువా తర్వాతేనని అమృతకు తెలుసు. ఆమె మనిషికీ తెలిసే ఉండాలి. ఫోటో కోసం వచ్చినవాడైతే ఆగేవాడు. దస్తగిరి మైక్‌లో "లెన్స్, లెన్స్" అన్నాడు. జవాబు రాలేదు. బిందె వదిలేసి పరిగెత్తాడు. మధ్యలో కూర్చున్న జనం ఉన్నారు. అందుకోలేనని అతనికి రెండో అడుగులోనే తెలిసింది.

లోకేష్‌కి ఇవేవీ తెలియవు. బయటి ఊరి మనిషి మర్యాద తప్పుతున్నాడని మాత్రమే చూశాడు.

"ఏమబ్బా, ఆయన్ని తీయకూడదు. దించు."

అవతలివాడు దించలేదు. లోకేష్ చేయి చాచి అరచేత్తో లెన్స్‌ని కిందికి నొక్కాడు. అదే క్షణంలో లెన్స్‌లోంచి టప్‌మని శబ్దమైంది. తూటా లోకేష్ చిటికెన వేలిని తీసుకుని జంపఖానాలోకి దిగింది. దస్తగిరి ఆనంద్ మీద పడి చేతులు విరిచిపట్టాడు. ఫ్లాష్ బల్బు పేలిందని వెనక జనం అనుకున్నారు.

ఖాదర్ వలీ వేదిక దిగి వచ్చాడు. దెబ్బ ఎవరికని అడిగాడు. భుజం మీది గుడ్డతో లోకేష్ చేతికి కట్టు కట్టాడు. కట్టాక మైకు దగ్గరికి వెళ్ళి తెలుగులోనే మాట్లాడాడు.

"ఈడికి నన్ను సంపేకి వచ్చినోడు కలిమా సదివే వచ్చింటాడు. అది నా కలిమా కాదు. మీ ఇండ్లల్లో ఎవురన్నా పిల్లోడు ఆ క్యాసెట్లు ఇంటాంటే, పోలీసుల కంటే ముందు నువ్వే వాని చెంప మీద కొట్టు. ఆలస్యమైతే వాని జనాజా మోయల్లా. వాడు సంపినోళ్ళ జనాజా గూడా మోయల్లా. హయాత్‌ని మోసింది ఈ భుజమే. ఇంగ మోయలేను."

జనం లేవలేదు. దువా చదివినప్పుడు హిందువులూ చేతులు చాచారు. ఫోటో ఎవరూ తీయలేదు. ప్రసంగం అయ్యేదాకా కదలని లోకేష్‌ని అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మిగతా విలేకరులు ఆనంద్‌ని ఎక్కించిన జీపు వెనక పరిగెత్తారు.

సాయంత్రం గెస్ట్‌హౌస్‌లో దస్తగిరి అమృత పేరు చెప్పాడు.

"ఆమే పంపింది సార్."

"తెలుసు."

"అరెస్ట్?"

"మేనేజర్ దాకా మనకున్న లైన్ ఆమె ఒక్కతే. సోర్సుగానే ఉంటుంది."

"ఖాదర్ వలీ సాబ్ ఎక్కడ?"

"స్టేషన్‌లో. తన మీద దాడి జరుగుతుందని ఆయనకి ముందే తెలుసట. ఎలా తెలిసిందో చెప్పడం లేదు."

తానే చెప్పానని దస్తగిరి అన్నాడు. శివప్రసాద్ అది విననట్టు ఫైలు మూశాడు. పెద్దాయనని చీకటి పడ్డాక వదిలారు. ఆటో కూడా పోలీసులు పెట్టలేదు. హిందూపురం బస్సులో దస్తగిరే వెనక సీట్లో కూర్చుని దిగబెట్టి వచ్చాడు. దారిలో ఆయన ఒక్కటే అడిగాడు, ఆ విలేకరి పిల్లోని ఏలు అతుకుతుందా అని. అతకదని డాక్టర్లు అప్పటికే చెప్పారు.

లోకేష్ ఎడమచేత్తో రెండు వార్తలు రాసి పంపాడు. ఒకటి అరెస్టు గురించి, రెండోది ప్రసంగం గురించి. బుధవారం మొదటి పేజీలో ముసుగేసిన ఆనంద్ ఫోటో వచ్చింది. పేరు దొంగదని, అసలు పేరు ఇంకా తేలలేదని కింద రాశారు. ప్రసంగం గురించి ఒక్క వాక్యం కూడా లేదు. అదే పేపర్ సంపాదకీయ పేజీలో, ఇంత జరుగుతున్నా మంచివాళ్ళు ఎందుకు మౌనంగా ఉన్నారని ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ వ్యాసం రాశాడు.

గురువారం మసీదు కమిటీ సమావేశమైంది. గుమ్మంలోకి పోలీసుల్ని తెచ్చే మాటలు ఇక వద్దని ఇమాంకి చెప్పింది. ఆయన విన్నాడు.

ఆగస్టు 15, శుక్రవారం. జుమా నమాజులో ఖాదర్ వలీ హయాత్ బాషా పేరు పెట్టి అదే ప్రసంగం మళ్ళీ చేశాడు. కమిటీ సభ్యులు మధ్యలో లేచి వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు చివరిదాకా కూర్చున్నారు. లోకేష్ చేతికట్టుతో వచ్చి, బయట మెట్ల మీద కూర్చుని మొత్తం రాసుకుని, మూడు గంటలకు ఫ్యాక్స్ చేశాడు.

ఆగస్టు 16న పేపర్ వెలువడలేదు. ముందురోజు స్వాతంత్ర్య దినోత్సవం, పేపర్ ఆఫీసుకు సెలవు.