రెండు ఫ్రేముల ఆలస్యం

మొండిఘటంతో నా మొదటి మాటే తగాదా. నా నడక ఎందుకు దొంగిలించావని అడిగాను.

మొండిఘటం అన్నది క్లాసు పెట్టిన పేరు. యానిమేషన్ ఫైనలియర్‌కు ఒక్క షార్ట్ ఫిల్మ్ చాలంటే, ఐదు తీస్తానని భీష్మించుకున్న అమ్మాయి. ఐదూ కలిపి ఒకే గొడుగు కథ. మొదటి దాంట్లో ఒకావిడ దాన్ని బస్సులో మరిచిపోతుంది. చేతులు మారి మారి, ఐదో దాంట్లో ఒక కుర్రాడు తెచ్చి ఆవిడకే ఇస్తాడు. ఐదోది లేకపోతే గొడుగు ఇల్లు చేరదు.

నేను సౌండ్ చదువుతున్నవాణ్ని. బొమ్మల అడుగులకు చప్పుడు పెట్టడం నా పని. రికార్డింగ్ గదిలో చెక్క పలక మీద, తెర చూస్తూ, వాళ్లు నడిచినట్టే నడవాలి. మొదటి నాలుగు ఫిల్ములకు తల ప్రాణం తోకకొచ్చింది. ఐదోది మాత్రం మొదటి టేకులోనే అతికినట్టు సరిపోయింది. సంతోషించబోయి ఆగిపోయాను. తెరమీది కుర్రాడి కుడికాలు ప్రతిసారీ రెండు ఫ్రేములు, అంటే రెప్పపాటంత, ఆలస్యంగా పడుతోంది.

చిన్నప్పుడు మేడ మెట్ల మీంచి పడ్డప్పటి నుంచి నా కుడికాలూ అంతే. ఎవరి కంటా పడకూడదని క్లాసుకు అందరికన్నా ముందొచ్చి వెనక వరసలో కూర్చుంటాను. అందరూ వెళ్లాకే లేస్తాను. అలాంటిది తెరమీద నా కాలు కనబడేసరికి ఒళ్లు మండింది. నేరుగా ఆమె బల్ల దగ్గరికెళ్లి, నవ్వుకోవడానికి గీశావా అన్నాను.

ఆమె పెన్సిల్ ఆపలేదు. "నవ్వుకోవడానికైతే ఒక్క బొమ్మ చాలు. నాలుగు వందలు ఎవరు గీస్తారు?"

అయినా తగ్గలేదు. నడక మార్చమన్నాను, మార్చనంది. అయితే నా టేకు ఇవ్వనన్నాను. చప్పుడు లేకుండానే వేసుకుంటానంది.

రివ్యూ రోజు హాలు నిండిపోయింది. బయట వాన. నాలుగు ఫిల్ముల దాకా గైడ్ సార్ తలూపుతూనే ఉన్నారు. ఐదోది సగంలో ఆపించారు. ఆ కుడికాలు తప్పు గీశావు, సరిచేస్తావా, నాలుగింటితో సరిపెట్టుకుంటావా అన్నారు.

"అది తప్పు కాదు సార్. అతను అలాగే నడుస్తాడు."

అలా నడిచేవాణ్ని ఎక్కడ చూశావో చెప్పమన్నారు సార్. వెనక వరస వైపు ఒక్క చూపు చూస్తే చాలు, ఆమె గట్టెక్కేది. చూడలేదు. ఏడాది కష్టం పోతున్నా నన్ను బయటపెట్టలేదు. నా మీద నాకే సిగ్గేసింది.

లేచాను. "సార్, మళ్లీ మొదటి నుంచి వేయండి. చప్పుడు నేనిస్తాను."

ఫిల్మ్ మొదలైంది. వెనక వరస నుంచి చెక్క నేల మీద నడవడం మొదలుపెట్టాను. కుర్రాడి అడుగు, నా అడుగు. వాడి ఆలస్యం, నా ఆలస్యం. హాల్లో అందరి తలలూ నా కాలి వైపు తిరిగాయి. తల దించుకోలేదు. వాడు గొడుగు అందించేసరికి నేను తెర ముందున్నాను.

సార్ తన కాగితం మీద రాసింది కొట్టేసి, ఐదూ ఉంచమన్నారు.

బయట వరండాలో ఆమె నా పక్కకొచ్చి నిలబడింది. గొడుగు మీద ఐదు ఫిల్ములు తీసిన మనిషి గొడుగు తెచ్చుకోలేదు. ఎవరికీ తెలియని నా నడక నీకెలా తెలుసని అడిగాను.

"ఎవరూ చూడకూడదని నువ్వు అందరికన్నా ముందొస్తావుగా," అంది. "నిన్ను చూద్దామని నేను నీకన్నా ముందొచ్చి మేడమీద కిటికీ దగ్గర నిలబడతాను. రెండేళ్లుగా."

చెయ్యి చాచాను, పట్టుకుంది. ఇద్దరం వానలో మైదానానికి అడ్డంగా నడిచాం, నా నడకతోనే, ఏమాత్రం తొందరపడకుండా. వరండాలోంచి కాలేజీ అంతా చూస్తోంది. చూడనీ అనుకున్నాను.